తగరపు రేకు, ఒక అనుమానం

డైరీ రాసే అలవాటు నాకు హిందూపురంలో ఐటీఐ చదివేటప్పుడు పట్టింది. అక్కడి మాస్టారొకాయన, చేసిన పనిని చేసిన రోజే రాసుకోవాలని చెప్పేవాడు. ఆయన చెప్పింది వర్క్‌షాపు పని గురించి. నేను అన్నీ రాయడం మొదలుపెట్టాను. లేచిన వేళ, తిన్నది, కలిసిన మనుషులు, వాడిన పనిముట్లు, వాన పడితే వాన. ఇప్పుడు పెనుకొండలో నేనుంటున్న రెండు గదుల ఇంట్లో ఒక గోడ పొడుగునా ఆ డైరీలే ఉన్నాయి. ఏడాదికొకటి, అట్ట మీద సంవత్సరం వేసి వరుసగా పెట్టాను. ఎవరో చదువుతారని రాయలేదు. రాస్తే ఆ పని పూర్తయినట్టు అనిపించేది, అంతే. అలా అనిపించడం వల్ల ఒక పిల్ల బతుకులో మూడేళ్ళు ఎలా పోయాయో ఇక్కడ చెబుతున్నాను.

నా ఉద్యోగమంతా ఉత్తరాదిన ఒక యాక్సిలరేటర్ ప్రయోగశాలలో గడిచింది. నేను శాస్త్రవేత్తను కాదు, టార్గెట్లు తయారుచేసే టెక్నీషియన్ని. టార్గెట్ అంటే పరమాణు కేంద్రకాల మీద ప్రయోగం చేసేటప్పుడు యాక్సిలరేటర్ నుంచి దూసుకొచ్చే కణాల ధార, అంటే బీమ్, వచ్చి తగిలే లోహపు రేకు. ఉల్లిపొర దాని ముందు మందమైన అట్ట. దగ్గరగా ఊపిరి వదిలితే ఎగిరిపోతుంది. చిన్న లోహపు ముక్కను రెండు స్టీలు ప్లేట్ల మధ్య పెట్టి, రోలింగ్ మిషనులో వందల సార్లు నడిపితే రేకు అవుతుంది. బట్టలు పిండే పాతకాలపు యంత్రంలో రెండు రోలర్లు ఉంటాయే, అలాంటిదే ఆ మిషను. ఆత్రపడితే రేకు చిరుగుతుంది. నాకు ఆత్రం లేదు కాబట్టి ఆ పనికి పనికొచ్చాను.

ఆ పిల్లను మొదటిసారి చూసింది ప్రయోగశాల వరండాలో. మా అక్కతో ఫోనులో మాట్లాడుతూ "యాడుండావే? ఆడనే ఉండు" అంటుంటే వెనక ఎవరో నవ్వారు. తిరిగి చూస్తే సన్నగా, భుజాన సంచితో ఒక అమ్మాయి.

"మీది అనంతపురం సైడా సార్?"

"పెనుకొండ. నీది?"

"ధర్మవరం. ఈ మాట చెవిన పడి ఏడాదైంది సార్. ఈడ అందరితో ఇంగ్లీషు, హిందీ మాట్లాడి మాట్లాడి నాలుక మొద్దుబారిపోయింది."

పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల. పీహెచ్‌డీకి వచ్చింది. ఆ వారం తిరక్కముందే నేను సారు నుంచి చిన్నాయననయ్యాను, ఆమె నాకు పాప అయింది. నాకు పిల్లలు లేరు. ఆదివారం మా ఇంటికి వచ్చి బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసుకొని తినేది, ఉత్తరాది మరమరాల్ని తిడుతూ.

ఆమె పరిశోధించే విషయాన్ని షేప్ కోఎగ్జిస్టెన్స్ అంటారు. తెలుగులో ఆకారాల సహజీవనం అనుకోవచ్చు. పరమాణువు నడుమ ఉండే కేంద్రకానికి ఒక ఆకారం ఉంటుంది. కొన్ని గుండ్రంగా ఉంటాయి, కొన్ని కోలగా సాగి ఉంటాయి. కొన్నింటిలో మాత్రం ఒకే కేంద్రకానికి రెండు ఆకారాలూ, శక్తిలో పెద్దగా తేడా లేకుండా, పక్కపక్కనే సాధ్యమవుతాయి. తగరం అలాంటిది. ఉన్నదున్నట్టుగా ఉంటే గుండ్రం. కొంచెం శక్తి ఇస్తే సాగిన ఆకారంలోకి వెళ్ళి, మళ్ళీ గుండ్రానికి దిగివస్తుంది. దిగేటప్పుడు గామా కిరణం వదులుతుంది. చుట్టూ పెట్టిన డిటెక్టర్లు ఆ కిరణాల శక్తిని కొలుస్తాయి. ఏ శక్తి దగ్గర కిరణాలు ఎక్కువగా వస్తాయో అక్కడ గ్రాఫులో ఒక గుట్ట లేస్తుంది. ఒక తగరం ఐసోటోపులో ఎవరూ అప్పటికి చూడని ఒక గుట్ట కోసం ఆమె వెతుకుతోంది. అది కనిపిస్తే ఆ ఐసోటోపులో రెండో ఆకారం ఉన్నట్టు.

ఐసోటోపులంటే ఒకే లోహం, బరువులో స్వల్ప తేడా. విడదీసిన ఐసోటోపు చిటికెడు దొరకడమే గగనం. తగరం మెత్తన. రోలింగులో దాని తునకలు ప్లేటు గీతల్లో ఇరుక్కుంటాయి, ఎంత తుడిచినా పూర్తిగా పోవు. అందుకే ఒక్కో ఐసోటోపుకు ఒక్కో జత ప్లేట్లు వాడేవాడిని. మూల మీద మార్కర్ పెన్నుతో గుర్తు రాసి, విడివిడి కవర్లలో పెట్టేవాడిని. ఆ పద్ధతి నాదే.

అక్కడివాళ్ళు వర్క్‌షాపులో విశ్వకర్మ పూజ చేసుకుంటారు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచి దసరా తొమ్మిదో రోజు ఆయుధపూజ. మా నాయన వడ్రంగి పనిముట్లన్నీ ఆ రోజు కడిగి, విభూతి పూసి, కుంకుమ పెట్టి, ఒక పూట ముట్టకుండా ఉంచేవాడు. నేను ప్రయోగశాలలో ఏటా అదే చేసేవాడిని. మిషనుకు, తక్కెడకు బొట్టు పెట్టేవాడిని. ప్లేట్లను కవర్లలోంచి తీయకుండా, కవర్ల మీదే బొట్టు పెట్టేవాడిని.

ఆ ఏడు రిటైర్మెంటు దగ్గర పడింది. ఆ గదిలో నాకదే ఆఖరి పూజ. బాగా చేయాలనిపించింది. ప్లేట్లన్నీ కవర్లలోంచి తీసి, సబ్బునీళ్ళతో కడిగి, స్పిరిటుతో తుడిచి, బల్ల మీద వరుసగా పేర్చి విభూతి పెట్టాను. తళతళలాడుతుంటే ముచ్చటేసింది. స్పిరిటుకు మార్కర్ గుర్తులు పోయాయని గమనించింది మరునాడు, వాటిని కవర్లలో పెట్టబోయేటప్పుడు.

ఆ రోజు డైరీలో ఇలా రాశాను: "పూజకు ప్లేట్లు కడిగితిని. గుర్తులు పోయినవి. గీతలు, అంచులు చూసి జతలు వేరు చేసితిని. తగరం రెండు జతల విషయంలో అనుమానం. రేపు సారుతో చెప్పవలెను."

సారంటే పాప గైడు. మరునాడు ఆయనకు చెప్పలేదు. పాప ప్రయోగానికి బీమ్ టైమ్, అంటే యాక్సిలరేటర్ ఆమెకు కేటాయించిన రోజులు, రెండు వారాల్లో ఉంది. దానికోసం ఆమె ఏడాదిన్నర ఎదురుచూసింది. ఉన్న ఐసోటోపంతా ఆ ఒక్క రేకుకే సరిపోతుంది. అనుమానం ఉందంటే కొత్త ప్లేట్లు తెప్పించాలి, అవి వచ్చేలోపు బీమ్ ఇంకొకరికి పోతుంది. పైగా నేను వేరుచేసిన జతలు సరైనవే కావచ్చు. గీతలో ఇరుక్కున్న తునక ఎంతుంటుందని! ఇలా నాకు నేనే చెప్పుకొని, వారం రోజులు కూర్చొని రేకు తీశాను. నేను చేసిన వాటిలో అంత సమంగా వచ్చినది ఇంకొకటి లేదు. ఆ మాట కూడా డైరీలో ఉంది.

గుట్ట కనిపించింది. లెక్కలు తేలడానికి ఏడాది పట్టింది. పేపరు అచ్చయ్యేటప్పటికి ఇంకో ఏడాది పైనే గడిచి, నేను రిటైరై పెనుకొండ వచ్చేశాను. పాప సెలవు మీద ఇంటికి వచ్చి నన్ను ధర్మవరం పిలిచింది. వాళ్ళ నాయన మగ్గం గుంతలోంచి లేవకుండానే పలకరించాడు.

"రా అప్పా, కూర్చో. మా పాప ఏందో గింజ పట్టుకోని సంవత్సరాలుగా చూస్తాండాది, గుండ్రంగా ఉండాదా కోలగా ఉండాదా అని. తేలిందంటనా?"

"తేలింది నాయనా. రెండు మాదిరిగానూ ఉండాది" అంది పాప లోపలి నుంచి.

"రెండు వేషాలా! అట్లయితే మా సంఘం ప్రెసిడెంటే. ఓట్లకు ముందు కోల, గెల్సినాక గుండ్రం."

"నీకు చెప్పేదానికంటే ఆ మగ్గానికి చెప్పేది మేలు."

ఆయన నవ్వి, నేస్తున్న చీర అంచు ఎత్తి వెలుతురుకు అటూ ఇటూ తిప్పాడు. ఒక పక్క ఆకుపచ్చ, ఒక పక్క ఎరుపు. "ఇదేగదా నువ్వు చెప్పేది? ఒగటే గుడ్డ, రెండు రంగులు. దీనికి పీహెచ్‌డీ ఎందుకు?"

"కాదు నాయనా. దాంట్లో పడుగు ఒగ రంగు, పేక ఒగ రంగు, రెండూ ఎప్పుడూ ఉంటాయి. ఈడ లోపలుండే ప్రోటాన్లు రెండు ఎగిరి పై వరసలో కూర్చుంటాయి. కూర్చున్న్యాక మొత్తం కేంద్రకమే సాగిపోతాది."

"రెండు లేచి జరిగితే ఇల్లంతా సాగుతాదా?"

"సాగుతాది."

ఆయన తల ఊపాడు. తరువాత నా వైపు వంగి మెల్లగా అన్నాడు: "నాకు పోగు ఆనడంల్యా అప్పా. కండ్లు పోతాండాయి. ఈ చీర దించినాక మగ్గం ఎక్కేది ల్యా. పాపకు ఆ యూనివర్సిటీ ఉద్యోగం వస్తే అందరం ఆడికే పోతాం."

ఉద్యోగం ఒక విశ్వవిద్యాలయంలో అధ్యాపక పోస్టు. ఇంటర్వ్యూ లోపు థీసిస్ దాఖలు చేయాలి. థీసిస్‌లో ముఖ్యమైన అధ్యాయం ఆ గుట్ట మీదే. చాప మీద కూర్చొని అదంతా విన్నాను. అనుమానం నాకు గుర్తుకు రాలేదని చెప్పుకోవాలని ఉంది కానీ వచ్చింది. టీ తాగి, నాలుగు గంటల ప్యాసింజరుకు పెనుకొండ వచ్చేశాను.

తరువాతి నెలలో పాప ఫోను చేసింది. థీసిస్ చివర టార్గెట్ తయారీ వివరాలు చేర్చాలట. రేకు మందం, రోలింగు చేసిన తేదీలు, వాడిన ప్లేట్లు. "నీ డైరీలో ఉంటాది గదా చిన్నాయనా, చూసి చెప్పు."

డైరీ తీశాను. మందం చదివాను, తేదీలు చదివాను. ప్లేట్ల దగ్గరికి వచ్చి "స్టీలు ప్లేట్లు" అని ఆగిపోయాను. ఆమె థ్యాంక్స్ చెప్పి పెట్టేసింది.

ఆ రోజు నుంచి పదకొండు రోజులు నా డైరీలో ఒకే వాక్యం ఉంది: "పాపకు చెప్పవలెను." పదకొండోసారి రాసేటప్పుడు, ఆ వాక్యం పూజ మరునాడు రాసిన వాక్యమేనని తెలిసింది. పన్నెండో రోజు రైలెక్కి ధర్మవరం వెళ్ళాను.

థీసిస్ రాసుకోవడానికి ఇంట్లోనే ఉండిపోయిన ఆమె మేడ మీద గదిలో ల్యాప్‌టాప్ ముందు ఉంది. చుట్టూ కాగితాలు.

"పాపా, ఆ రేకు తీసిన ప్లేట్లు మారిపోయింటాయేమో."

"మారిపోయింటాయేమో అంటే?"

"ఆయుధపూజకు కడిగితి. గుర్తులు పోయినాయి. అంచులు చూసి వేరు చేసినా. రెండు జతల మీద నాకు అనుమానమే."

"ఎప్పుడు తెల్సింది నీకు?"

"మరుసటి పొద్దే."

ఆమె గొంతు పెంచలేదు. "ఆ రెండో జత ఏ ఐసోటోపుది?" అని మాత్రం అడిగింది. చెప్పాను. ల్యాప్‌టాప్ వైపు తిరిగింది. ఏం చూస్తోందో నాకు కొంత తెలుసు. బరువులో పక్కనే ఉండే ఆ ఐసోటోపు వదిలే గామా కిరణం శక్తి, ఈమె ఐసోటోపు కిరణానికి చాలా దగ్గర. దెబ్బ తిన్న కేంద్రకం వేగంగా ఎగిరిపోతూ కిరణం వదులుతుంది కాబట్టి గుట్ట వెడల్పవుతుంది, పక్కపక్కనున్న రెండు గుట్టలు కలిసి ఒకటిగా కనిపించవచ్చు. అలా కలిసి ఉంటే, ఆ పక్క ఐసోటోపుకే చెందిన ఇంకో చిన్న గుట్ట మరో చోట ఉండాలి. ఆమె గ్రాఫును జరుపుతూ పోయి ఒకచోట ఆపింది. వేలు పెట్టి చూపించింది. గడ్డిపోచంత ఎత్తు.

"దీన్ని రెండేండ్లుగా చూస్తానే ఉండా చిన్నాయనా. బ్యాక్‌గ్రౌండ్ అనుకున్న్యా. మా గైడ్ గూడా అదే అన్న్యాడు."

ఆమె వేలు తెర మీదనే ఉంచి నా వైపు తిరిగింది.

"ఎందుకు చెప్పల్యా?"

"చెప్పింటే నీ బీమ్ టైమ్ పోయిండును."

"పోనీ. ఇంకో ఏడాదికి వస్తాండె. ఇప్పుడు మూడేండ్లు పాయె."

"డైరీలో రాసిపెట్టినా పాపా..."

"నీ డైరీ ఎవురు చదువుతారు చిన్నాయనా? నేను చదువుతానా? మా గైడ్ చదువుతాడా? ఎవురికి రాసినావు?"

కింద నుంచి వాళ్ళ నాయన పిలిచాడు: "ఏమప్పా, ఇద్దరూ ఆ గింజనే తింటాండారా? టీ చల్లారిపోతాంది, దిగి రాండి!"

ఎవరమూ దిగలేదు. ఆయనే గ్లాసులు పట్టుకొని, గోడ తడుముకుంటూ మెట్లెక్కి వచ్చాడు. కూతురి మొహం ఆయనకు సరిగా కనిపించలేదు. "టీలో చక్కెర సరిపోయిందా?" అని అడిగి నా వైపు తిరిగాడు. అప్పుడు ఆయనకు చెప్పాల్సింది నేనే కాబట్టి చెప్పాను. ప్లేట్లు కడగడం ఆయనకు వెంటనే అర్థమైంది. "పూజకు కడిగినావు. మంచిదేగదా" అన్నాడు మొదట. మిగతాది విన్నాక గ్లాసు కింద పెట్టాడు. "రంగు అంటిన చేత్తో ఇంకో రంగు పట్టు ముట్టనీయం మేము. చీర కాడనే ముట్టనీయం" అన్నాడు.

మిగిలిన రేకు ముక్క ప్రయోగశాల బీరువాలో ఉంది. దాన్ని అక్కడి మెటీరియల్స్ విభాగం వాళ్ళు పరీక్షించారు. అయాన్లతో పైపొరలు గీకి, రాలిన అణువులను బరువుల వారీగా విడదీసి చూసే యంత్రం ఉంటుంది. పక్క ఐసోటోపు ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉందని తేలింది. గుట్ట మొత్తం దానిదేనా, కొంత పాప వెతికినది కూడా ఉందా అన్నది ఇక ఎవరూ చెప్పలేరు. పేపరు వెనక్కి తీసుకున్నారు. డైరీ పేజీ ఫోటో తీసి, కింద సంతకం పెట్టి నేను పంపాను. గైడు నాకు ఫోను చేసి ఒకే మాట అన్నారు: "మీరు నా గది దాటుకొనే రోజూ మీ గదికి వెళ్ళేవారు." నిజమే. ఆయన తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది.

థీసిస్‌లోంచి ఆ అధ్యాయం పోయింది. మిగిలిన దానితో ఇంటర్వ్యూ లోపు దాఖలు చేయడం కుదరలేదు. పోస్టు ఇంకొకరికి వచ్చింది. ఫెలోషిప్ గడువు ముగిసింది. ఇప్పుడు ఆమె హిందూపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతోంది. గది తీసుకొని నాయనను, అమ్మను తెచ్చుకుంది. మగ్గం ధర్మవరంలోనే వదిలేశారు. ఉదయం క్లాసులకు ముందు థీసిస్‌లో మిగిలిన ఒకే ఒక అధ్యాయాన్ని తిరగరాస్తోంది. దానికి కొత్త ప్రయోగం అక్కర్లేదు. ఆమె గైడు ఎప్పుడో కొలిచిన ఇంకో తగరం ఐసోటోపు ఫలితాలను ఆధారం చేసుకొని, కేంద్రకం ఒక ఆకారం నుంచి ఇంకో ఆకారానికి ఎలా మారుతుందో లెక్కగట్టడమే. అది నిలబడితే పీహెచ్‌డీ వస్తుంది.

నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. వేసవిలో నేనే హిందూపురం వెళ్ళాను. ఆమె నన్ను కూర్చోమంది. మంచినీళ్ళిచ్చింది. క్షమించమని నేను అనబోతే ఆపింది.

"అది వద్దు చిన్నాయనా. ఒగ పని చెయ్. ఆ డైరీలన్నీ ఉండాయి గదా? అనుమానం అని ఇంకా యాడ్యాడ రాసినావో అన్నీ చూడు. ఎవురి రేకు, ఏ తేదీ. నా మాదిరి ఇంకెవురన్నా ఉండారేమో."

ఆ ఆలోచన నాకు రాలేదు. ఇన్నేళ్ళ డైరీలు పక్కనే ఉన్నా రాలేదు.

అప్పటి నుంచి రోజుకు రెండు నెలల డైరీ చొప్పున చదువుతున్నాను. నా దస్తూరీ నాకే విసుగు పుట్టిస్తుంది. ప్రతి పేజీలో "రేపు చూడవలెను" ఉంది. ఎక్కువ భాగం అసలు చూసినవే, మరునాటి పేజీలో ఆ సంగతి ఉంది. లేనివి నాలుగు దొరికాయి. మూడింటి గురించి ఆ ప్రయోగాలు చేసినవాళ్ళకు ఉత్తరాలు రాశాను. ఒకరు చనిపోయారని వాళ్ళ శాఖ నుంచి జవాబు వచ్చింది. ఒకరు, ఆ ఫలితాన్ని ఎవరూ వాడుకోలేదు, కంగారు పడవద్దని రాశారు. మూడోవారి నుంచి ఏమీ రాలేదు.

నాలుగోది నిన్న ఉదయం దొరికింది. చాలా పాత డైరీ. తగరం రేకు. "రోలింగుకు ముందు బరువు కంటే తరువాత బరువు ఎక్కువగా చూపుచున్నది. తూకం తప్పో, ఏదైనా అంటినదో. రేపు మరల తూచవలెను." మరునాటి పేజీలో, అక్కకు జబ్బుగా ఉందని టెలిగ్రాం వచ్చి పెనుకొండ బయలుదేరిన సంగతి ఉంది. తిరిగి వచ్చేటప్పటికి రేకు ఛాంబర్‌లో ఉంది, ప్రయోగం మొదలైపోయింది. పేజీ పైన ఐసోటోపు, ప్రయోగం చేసేవారి పొడి అక్షరాలు రాసి ఉన్నాయి. అవి పాప గైడువి. ఇప్పుడామె లెక్కకు ఆధారం చేసుకున్నది ఆ కొలతలనే.

అన్నం తినలేదు. డైరీ సంచిలో పెట్టుకొని స్టేషనుకు నడిచి, ముందొచ్చిన రైలెక్కాను. కాలేజీలో ఆమె స్టాఫ్‌రూములో జవాబు పత్రాలు దిద్దుతోంది. నన్ను, సంచిని చూసింది.

"ఇంకోటి దొరికిందా?"

"దొరికింది."

"ఎవురిది?"

"మీ గైడుది. నువ్వు వాడుకుంటాండేదే."

ఎర్ర పెన్ను మూత పెట్టింది. ఎదురుగా కూర్చున్న కెమిస్ట్రీ ఆయన తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డాడు. ఆమె ఒక జవాబు పత్రం వెనక్కి తిప్పి, ఎర్ర పెన్ను పక్కన పెట్టి నల్ల పెన్ను తీసుకుంది.

"బరువు ముందెంత, తర్వాతెంత? నిదానంగా చెప్పు."

చదివాను. రాసుకుంది. తేడాను అక్కడే కట్టి, దాని కింద రెండు గీతలు గీసింది.

"మా గైడుకు నేను ఫోన్ చేయను చిన్నాయనా. నువ్వే చెయ్. ఈడనే కూర్చోని చెయ్."

గంట కొట్టారు. ఆమె చాక్‌పీసులు తీసుకొని క్లాసుకు వెళ్ళింది. నేను ఆమె కుర్చీలో కూర్చొని నంబరు కలిపాను.